పదహారేళ్ల అమ్మాయి, ఇరవై ఏడేళ్ల ట్యూషన్ మాస్టారు: ఇంట్లోవాళ్లు ముందు ఏం చేయాలి?

గడపపసుపు (ప్రశ్న)

ఒక కుటుంబం తరఫున అడుగుతున్నాను. ఊరు, పేర్లు, కాలేజీ రాయను. దయచేసి ఎవరూ అడగొద్దు.

అమ్మాయికి పదహారు నిండి నాలుగు నెలలైంది. ఇంటర్ ఫస్టియర్. అతనికి 27. పదో తరగతిలో లెక్కల ట్యూషన్ చెప్పాడు. ఇప్పుడు ఒక కోచింగ్ సెంటర్‌లో పనిచేస్తున్నాడు, అమ్మాయి కూడా అక్కడే చేరింది. మొన్న తల్లి ఫోను చూసింది. ఎనిమిది నెలల చాటింగ్ ఉంది. ‘ఎవరికీ చెప్పకు’ అన్న మాట అడుగడుగునా ఉంది. ఫొటోలు అడిగాడు, కొన్ని వెళ్లాయి. రెండు మూడుసార్లు అతని గదిలో కలిసినట్టు మెసేజ్‌లను బట్టి తెలుస్తోంది. అమ్మాయి మాత్రం ‘నా ఇష్టంతోనే, ఆయన్నేం అనొద్దు’ అంటోంది.

ఇంట్లో తలో మాట. మేనమామలు వెళ్లి నాలుగు తగిలిస్తామంటున్నారు. పెదనాన్న పెద్దమనుషుల్లో పెట్టి డబ్బు కట్టించి, కాగితం రాయించుకుందామంటున్నాడు. నాయనమ్మ వచ్చే ముహూర్తాల్లో మేనబావకిచ్చి ముడిపెట్టేయమంటోంది. తల్లి ఒక్కతే పోలీసు స్టేషన్‌కు వెళ్దామంటోంది. కానీ ఆవిడకూ భయమే. పిల్ల పేరు పేపర్లో వస్తుందేమో, హోముకు పంపేస్తారేమో, చదువు ఆగిపోతుందేమో అని.

పిల్ల ఇష్టమంటే కేసు నిలుస్తుందా? ఫిర్యాదు ఇవ్వకపోతే తల్లిదండ్రులకేమైనా ఇబ్బందా? ఫోనును ఏం చేయాలి? చట్టం తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.


నల్లకోటు

ముందు ఆ మూడు సలహాల సంగతి తేలుద్దాం. రేపు పొద్దున్నే ఎవరో ఒకరు బండెక్కేస్తారు కాబట్టి.

కొట్టడానికి వెళ్తే అతని చేతికి ఎదురు కేసు ఇచ్చినట్టే. మీ ఫిర్యాదు కంటే ముందు అతని ఎఫ్‌ఐఆర్ నమోదైతే, రేపు కోర్టులో అతని లాయరు మొదటి మాటే ‘గొడవైంది, దాన్నుంచి తప్పించుకోవడానికి పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) పెట్టారు’ అని. పైగా అతను ఆ రాత్రే ఫోను మార్చేస్తాడు.

పెద్దమనుషుల కాగితానికి చట్టంలో విలువ సున్నా. పోక్సో నేరాలు రాజీపడే నేరాలు కావు. 2024 నవంబర్‌లో రామ్‌జీలాల్ బైర్వా కేసులో, ఒక టీచరు మీద పెట్టిన కేసును తండ్రి రాజీపడ్డాడని రాజస్థాన్ హైకోర్టు కొట్టేస్తే, సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దుచేసి విచారణ జరపమంది. నేరాన్ని కప్పిపెట్టడానికి డబ్బు తీసుకోవడం మరో నేరం. ‘డబ్బు గుంజడానికే ఆరోపణ చేశారు’ అనడానికి ఆ కాగితమే సాక్ష్యమవుతుంది.

ఇక నాయనమ్మగారి మాట. పెద్దావిడ బాధ అర్థమవుతుంది కానీ మూడింటిలో అదే అన్నిటికంటే ప్రమాదం. పద్దెనిమిది నిండని పిల్లకు పెళ్లి చేస్తే బాల్యవివాహ నిషేధ చట్టం 2006 ప్రకారం తండ్రి, పురోహితుడు, దగ్గరుండి జరిపించినవాళ్లు అందరూ ముద్దాయిలు. రెండేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. ఆ మేనబావకు పద్దెనిమిది దాటితే అతనూ అదే కేసులో ఉంటాడు. 2017 అక్టోబర్ 11న ఇండిపెండెంట్ థాట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం, భార్య అయినా పద్దెనిమిది నిండకపోతే కాపురం అత్యాచారం కిందికే వస్తుంది. ఒకడి నుంచి పిల్లను కాపాడబోయి ఇంకొకడిని జైలుకు పంపినట్టవుతుంది. పిల్లకు రెండోసారి అన్యాయం జరుగుతుంది.

ఇష్టం సంగతి. పోక్సోలో పద్దెనిమిది నిండనివాళ్లంతా పిల్లలే. పిల్ల సరేనన్నా ఆ ‘సరే’ చెల్లదు. ప్రేమ, పెళ్లి చేసుకుంటానన్న మాట, ఉంగరం, ఏదీ అడ్డం రాదు. కాబట్టి నిరూపించాల్సినవి ప్రధానంగా రెండే. పిల్ల వయసు, జరిగిన పని. మీరు చెప్పినదాంట్లో ఏది ఏ సెక్షన్ కిందికి వస్తుందో చూడండి.

పదేపదే ఫోనులో వెంటపడటం, లైంగిక ఉద్దేశంతో మాట్లాడటం సెక్షన్ 11. శిక్ష సెక్షన్ 12లో, మూడేళ్ల వరకు. ఆ ఉద్దేశంతో ఒంటిమీద చెయ్యి వేస్తే 7, 8 సెక్షన్లు, మూడు నుంచి ఐదేళ్లు. బట్టల మీదనుంచి తాకితే లెక్కలోకి రాదన్న బాంబే హైకోర్టు మాటను సుప్రీంకోర్టు 2021 నవంబర్‌లో కొట్టేసింది. అలాంటి ఫొటోలు తీయించుకోవడం, తెప్పించుకోవడం 13, 14 సెక్షన్లు, కనీసం ఐదేళ్లు. దీనికితోడు ఐటీ చట్టం 67బి. పిల్లల్ని ఆన్‌లైన్‌లో మచ్చిక చేసుకుని లైంగిక సంబంధంలోకి లాగడం అందులో విడిగా ఒక నేరం. తొలిసారే ఐదేళ్ల వరకు జైలు, పది లక్షల వరకు జరిమానా. ఐటీ చట్టం కేసును ఇన్‌స్పెక్టర్, ఆపై హోదావాళ్లే దర్యాప్తు చేయాలి. ఎస్‌ఐ గారు ‘సీఐ గారు రావాలి’ అంటే తిప్పించుకుంటున్నారనుకోకండి.

గదిలో జరిగింది తాకడాన్ని మించి శారీరక సంబంధమైతే పోక్సో సెక్షన్ 4, కనీసం పదేళ్లు. ఒకసారి కంటే ఎక్కువ జరిగినా, నమ్మకం ఉన్న స్థానంలోని మనిషి చేసినా సెక్షన్ 5, 6, అంటే కనీసం ఇరవై ఏళ్లు. విద్యాసంస్థ సిబ్బంది అక్కడ చదివే పిల్లపై చేస్తే 5(ఎఫ్). ఇంటి ట్యూషన్ అయితే 5(పి), అంటే నమ్మకమున్న స్థానం. ఇతను రెండు పాత్రల్లోనూ ఉన్నాడు. కాబట్టి ఫిర్యాదులో ‘తెలిసిన వ్యక్తి’ అని రాసి ఊరుకోవద్దు. ఎప్పటి నుంచి ఎప్పటి దాకా ట్యూషన్ చెప్పాడు, ఏ తేదీ నుంచి సెంటర్‌లో చెబుతున్నాడు, ఫీజు రశీదులు ఉన్నాయా, అన్నీ రాయండి.

ఇంకో సంగతి, ఇది చాలామంది చూడరు. అమ్మాయికి పదహారు నిండి నాలుగు నెలలే. చాటింగ్ ఎనిమిది నెలలది. అంటే సగం పదహారు నిండకముందుది. ఆ రోజుల్లో కలిసి ఉంటే లెక్క మారిపోతుంది. పదహారు లోపైతే సెక్షన్ 4(2) కింద కనీసం ఇరవై ఏళ్లు, బీఎన్‌ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 65 కూడా పడుతుంది. అప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 482(4) ప్రకారం ముందస్తు బెయిలు అడగడానికే వీల్లేదు. అందుకే ప్రతి కలయిక తేదీనీ పుట్టినరోజు పక్కన పెట్టి చూసుకోండి.

వయసుకు కాగితం ఏది? ఆధార్ తీసుకెళ్తారు అందరూ. ఆధార్ పుట్టినతేదీకి రుజువు కాదని 2024 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 94లో వరస ఉంది. మొదట బడి ఇచ్చిన పుట్టినతేదీ ధ్రువపత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్. అది లేకపోతే మున్సిపాలిటీ, పంచాయతీ ఇచ్చే జనన ధ్రువపత్రం. రెండూ లేకపోతేనే ఎముకల పరీక్ష. మన దగ్గర ఇంటర్‌లో చేరిన పిల్లకు పదో తరగతి మెమో ఉంటుంది, దాని మీద పుట్టినతేదీ ఉంటుంది. అదే చాలు. బడిలో చేర్చేటప్పుడు తేదీ అటూఇటూ వేయించి ఉంటే ఆ సంగతి లాయరుకు ఇప్పుడే చెప్పండి, కోర్టులో అతని లాయరు చేసే క్రాస్ ఎగ్జామినేషన్‌లో బయటపడనివ్వకండి.

ఫిర్యాదు ఇవ్వకపోతే? పోక్సో సెక్షన్ 19 ప్రకారం నేరం జరిగిందని తెలిసిన ప్రతి ఒక్కరూ చెప్పాలి. తల్లిదండ్రులకు మినహాయింపు లేదు. చెప్పకపోతే సెక్షన్ 21, ఆరు నెలల వరకు జైలు లేదా జరిమానా. సంస్థ నడిపేవాళ్లు తమ కింది ఉద్యోగి సంగతి దాస్తే ఏడాది వరకు. పిల్ల చెప్పనందుకు పిల్లకు శిక్ష లేదు.


తాళంచెవి

ఫోను గురించి నేను చెబుతాను. కేసులు ఎక్కువగా బలహీనపడేది ఇక్కడే.

ఇది చదువుతున్న నిమిషంలోనే ఆ ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆగిందో లేదో చూడండి. ఎందుకంటే అవతలి మనిషి తన ఫోనులోంచి మీ ఫోనులోవి చెరపగలడు. వాట్సాప్‌లో పంపిన రెండు రోజుల పైచిలుకు వరకు ‘అందరికీ డిలీట్’ పనిచేస్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో పాతవైనా వెనక్కి తీసుకోవచ్చు. టెలిగ్రామ్‌లోనైతే మొత్తం సంభాషణే రెండువైపులా తుడిచేయొచ్చు. నెట్ ఆగితే ఆ ఆదేశం ఈ ఫోనుకు చేరదు. ఛార్జింగ్ అయిపోకుండా చూడండి, పాస్‌వర్డ్ కాగితం మీద రాసి పెట్టుకోండి. మాయమయ్యే మెసేజ్‌ల సెట్టింగ్ ఉంటే మాత్రం అవి నెట్ లేకపోయినా గడువుకు పోవచ్చు. వాటిని వెంటనే రికార్డు చేయాలి.

రికార్డు చేసే పద్ధతి: ఇంకో ఫోనుతో వీడియో తీయండి. ముందు అతని ప్రొఫైల్ తెరిచి నంబరు కనిపించేలా చూపించండి. తరువాత చాట్ పైనుంచి కిందికి మెల్లగా జరపండి, తేదీలు కనిపించాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో పైకి కనిపించే పేరు ఎప్పుడంటే అప్పుడు మారుతుంది, కాబట్టి యూజర్‌నేమ్, ప్రొఫైల్ లింకు రాసుకోండి. స్టార్, హ్యాష్, 06, హ్యాష్ నొక్కితే ఐఎంఈఐ నంబర్లు (ఫోనును గుర్తుపట్టే నంబర్లు) వస్తాయి. అవీ కాగితం మీద వేయండి.

ఒకటి మాత్రం చేయొద్దు. అమ్మాయి అభ్యంతరకరమైన ఫొటోలను వీడియోలో పట్టొద్దు, స్క్రీన్‌షాట్ తీయొద్దు, మేనమామకు పంపొద్దు, లాయరుకు కూడా వాట్సాప్ చేయొద్దు. మైనర్ల అలాంటి దృశ్యాన్ని దగ్గర ఉంచుకోవడం, పంపడం మీద పోక్సో 15, ఐటీ చట్టం 67బి ఉన్నాయి. 2024 సెప్టెంబర్ 23న సుప్రీంకోర్టు ఈ సెక్షన్ 15ను చాలా కఠినంగా వ్యాఖ్యానించింది. ఉద్దేశం మంచిదే అయినా, ఆ ఫొటో ఇంకో నాలుగు ఫోన్లకు పాకిందంటే ఇక దాన్ని ఎవరూ ఆపలేరు. ఉన్నచోటే ఉండనివ్వండి, ఫోనుతో పాటు పోలీసులకు అప్పగించండి.

అమ్మాయిలా నటించి అతనితో చాట్ చేసి మాటలు రాబట్టాలనుకుంటారు కొందరు. వద్దు. ఏ మెసేజ్ పిల్లది, ఏది తల్లిదన్నది కలిసిపోతుంది. డిఫెన్స్‌వాళ్లకు కావాల్సింది అదే.

ఫోను తీసుకునేటప్పుడు పోలీసులు పంచనామా రాస్తారు. బీఎన్‌ఎస్‌ఎస్ 105 ప్రకారం సోదా, స్వాధీనం రెండూ వీడియో తీయాలి. పంచనామాలో మోడల్, రెండు ఐఎంఈఐలు సరిగ్గా ఉన్నాయో లేదో కలిపి చూసుకుని అప్పుడే సంతకం పెట్టండి. ఒక అంకె తప్పితే ఏడాది తర్వాత ‘ఈ ఫోను ఆ ఫోను కాదు’ అంటారు. మీరు తీసిన వీడియో ఇస్తే దానికి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి. ఎ భాగం మీరు, బి భాగం నిపుణుడు సంతకం చేయాలి. ఆ వీడియో తీసిన ఫోనును అమ్మేయొద్దు, రీసెట్ చేయొద్దు.

ఫొటోలు బయటపెడతానని అతను బెదిరిస్తే 1930కి ఫోను చేయండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లల విభాగంలో ఫిర్యాదు పెట్టండి. ఆ బెదిరింపు పోక్సో సెక్షన్ 11లో విడిగా ఉంది. పద్దెనిమిది లోపువాళ్ల ఫొటోల కోసం ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉంది. ఫొటో ఎక్కడికీ పంపనక్కర్లేదు, దాని డిజిటల్ వేలిముద్ర లాంటిది మన ఫోనులోనే తయారవుతుంది, ఆ సంఖ్యను బట్టి ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ లాంటివి అడ్డుకుంటాయి. వాట్సాప్ సంభాషణల్లో తిరిగేదాన్ని మాత్రం అది తీయలేదు.


పాతచింత

అందరూ సెక్షన్లు చెబుతున్నారు బాగానే ఉంది. కానీ కేసు ఏళ్ల తరబడి నడుస్తుంది. పిల్లను పదిమందిలో నిలబెట్టడమే కదా? ఊరు మార్చి, ఫోను లాక్కుని, గట్టిగా కాపలా పెడితే సరిపోదా? మెల్లగా మరిచిపోతుంది.


అక్షయపాత్ర

పాతచింతగారూ, మీ భయం చాలా ఇళ్లలో ఉన్నదే. కానీ ఊరు మారితే పిల్ల మారుతుంది, అతను మారడు. అదే సెంటర్‌లో, అదే బోర్డు ముందు, ఇంకో తరగతి పిల్లల మధ్య ఉంటాడు. ఫోను లాక్కుని గదిలో పెట్టిన పిల్లకు ‘నన్ను అర్థం చేసుకునేది ఆయనొక్కడే’ అన్న మాట మరింత బలపడుతుంది. ఎనిమిది నెలలు అతను అల్లింది అదే కదా. అటువంటి పరిస్థితుల్లోనే పిల్లలు ఇల్లు దాటుతారు.

పదిమందిలో నిలబెట్టడం గురించి. స్టేషన్‌కు వెళ్లాక ఏం జరగాలో వరసగా చెబుతాను, అందులో ఏది తప్పినా అడిగే హక్కు తల్లిదండ్రులకుంది.

పిల్లను స్టేషన్‌కు తీసుకెళ్లాల్సిన పని లేదు. తల్లి వెళ్లి ఫిర్యాదు ఇవ్వొచ్చు. పోక్సో సెక్షన్ 24 ప్రకారం పిల్ల వాంగ్మూలం ఇంట్లోగాని, పిల్ల కోరిన చోటగాని తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్‌ఐ హోదాకు తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా. అతను ఎదురుపడకూడదు. రాత్రిపూట పిల్లను ఏ కారణంగానూ స్టేషన్‌లో ఉంచకూడదు. తెలంగాణలో భరోసా సెంటర్లు ఉన్నచోట వాంగ్మూలం, వైద్యం, కౌన్సెలింగ్ ఒకే కప్పు కింద జరుగుతాయి. రెండు రాష్ట్రాల్లోనూ సఖి వన్ స్టాప్ సెంటర్లు ఉన్నాయి, 181కి ఫోను చేస్తే దారి చెబుతారు. పిల్లల హెల్ప్‌లైన్ 1098.

ఆ తరువాత మెజిస్ట్రేటు ముందు వాంగ్మూలం. అక్కడ అతని లాయరు ఉండడు. పిల్ల చెప్పింది చెప్పినట్టు రాయాలి. ఇక్కడ ఒక్క మాట, చేతులు జోడించి చెబుతున్నాను. ‘ఇలా చెప్పు, అలా చెప్పు’ అని పిల్లకు నేర్పొద్దు. బలవంతం జరగకపోతే బలవంతం అని చెప్పించొద్దు. చట్టానికి ఆ అబద్ధం అవసరమే లేదు, వయసు చాలు. కోపంలో చేర్చిన ఒక్క అబద్ధం చాటింగ్‌తో పొసగక మొత్తం కేసును మింగేస్తుంది. ‘నా ఇష్టంతో వెళ్లాను’ అని పిల్ల చెప్పినా కేసు ఆగదు. కానీ నేర్పిన మాటలు చెప్పిన పిల్ల కోర్టులో అడ్డం తిరిగితే ఆగిపోవచ్చు.

వైద్య పరీక్ష: సమాచారం అందిన 24 గంటల్లో డాక్టరు దగ్గరికి పంపాలి. అమ్మాయిని మహిళా డాక్టరే చూడాలి, తల్లి పక్కన ఉండొచ్చు. పిల్ల వద్దంటే బలవంతం చేయరు, నిరాకరించిందని రాసుకుంటారు. రెండు వేళ్ల పరీక్షను సుప్రీంకోర్టు 2022 అక్టోబర్ 31న గట్టిగా నిషేధించింది. ఎవరైనా చేయబోతే ఆపండి. కలిసింది ఈ మధ్యే అయితే ఆనాటి బట్టలు ఉతక్కుండా, ఆరినవి కాగితపు కవరులో పెట్టండి. ప్లాస్టిక్ కవరులో చెమ్మపట్టి పాడవుతాయి. పరీక్ష, చికిత్స ఉచితం, ప్రైవేటు ఆసుపత్రి అయినా.

హోము భయం: ఇది వదిలేయండి. పోలీసులు 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీకి సమాచారం ఇస్తారు, అది రివాజు. పిల్లను కమిటీ ముందు హాజరుపరచాల్సింది నేరం చేసినవాడు ఇంట్లోవాడైనప్పుడు, లేదా పిల్లకు అండ లేనప్పుడు. ఇక్కడ అతను బయటివాడు, తల్లి పక్కనుంది. పిల్ల ఇంట్లోనే ఉంటుంది. అయితే పిల్లను కొట్టారని, పెళ్లి చేయబోతున్నారని తెలిస్తే మాత్రం కమిటీ ఆలోచిస్తుంది, ఆలోచించాలి కూడా. పిల్ల తనంతట తాను ఇంటికి వెళ్లనంటే కొన్నాళ్లు హోములో ఉంచొచ్చు.

కమిటీని సపోర్ట్ పర్సన్ కావాలని అడగండి. పోక్సో నియమాలు 2020లో నాలుగో నియమం అది. దర్యాప్తు నుంచి తీర్పు దాకా పిల్ల వెంట ఉండి, ఎప్పుడు ఏం జరుగుతుందో చెప్పే మనిషి. పోలీసులు ‘ఫారం ఎ’ అనే కాగితం ఇవ్వాలి, అందులో పిల్ల హక్కులన్నీ ఉంటాయి. ఇవ్వకపోతే అడిగి తీసుకోండి.

పేరు: సెక్షన్ 23 ప్రకారం మీడియా పిల్ల పేరు, చిరునామా, ఫొటో, బడి, కుటుంబం, చుట్టుపక్కల వివరాలు ఏవీ వేయకూడదు. వేస్తే ఆరు నెలల నుంచి ఏడాది. ఎఫ్‌ఐఆర్‌ను ఆన్‌లైన్‌లో పెట్టరు. మన వాళ్లే బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టుకుంటారు, జాగ్రత్త అక్కడ కావాలి. విచారణ తలుపులు మూసి జరుగుతుంది, పిల్లకు అతను కనిపించకుండా తెర వేస్తారు. లాయర్లు పిల్లను నేరుగా అడగరు, జడ్జిగారి ద్వారానే ప్రశ్నలు. ఏళ్ల తరబడి అన్నారు కదా, చట్టం ఏడాదిలో ముగించమంటుంది. చాలాచోట్ల అలా జరగడం లేదన్నది నిజమే. కానీ పిల్ల సాక్ష్యం కేసు విచారణకు తీసుకున్న 30 రోజుల్లో నమోదు కావాలన్న సెక్షన్ 35ను పీపీగారికి (ప్రభుత్వ లాయరుకు) గుర్తు చేయొచ్చు. అది అయిపోతే పిల్ల మళ్లీ మళ్లీ రావాల్సిన పని ఉండదు.

రాయడానికి కష్టంగా ఉన్నా ఒకటి రాయాలి. నెల తప్పిందేమో తల్లి మెత్తగా అడిగి తెలుసుకోవాలి. మైనర్లకు 24 వారాల వరకు గర్భస్రావానికి చట్టం ఒప్పుకుంటుంది, 20 దాటితే ఇద్దరు డాక్టర్లు అవసరం. డాక్టరు పోలీసులకు చెప్పక తప్పదు, కానీ పిల్లా, సంరక్షకులూ కోరితే పిల్ల పేరు, వివరాలు చెప్పనక్కర్లేదని 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు చెప్పింది. ఈ సంగతి తెలియక మందుల షాపులో మాత్రలు కొని మింగించి ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు.


గడపపసుపు

అందరికీ చాలా కృతజ్ఞతలు. ఫోను ఏరోప్లేన్‌లో పెట్టించాను. మేనమామలకు నల్లకోటుగారి జవాబు చదివి వినిపించారట, ఆగారు. ఇంకో భయం. ఫిర్యాదు తెలిసి అమ్మాయి అతనితో వెళ్లిపోతే? ‘తనే వచ్చింది, నేను తీసుకెళ్లలేదు’ అంటే?


నల్లకోటు

వెళ్లిపోతే ఒక్క గంట కూడా ‘చుట్టాల ఇళ్లలో చూద్దాం’ అని ఆగొద్దు. 112కు ఫోను, ఆ వెంటనే దగ్గరి స్టేషన్. ‘మా పరిధి కాదు’ అనడానికి లేదు, పరిధితో పనిలేకుండా కట్టే జీరో ఎఫ్‌ఐఆర్ రాసి, పరిధి ఉన్న స్టేషన్‌కు పంపాలి. ‘24 గంటలు ఆగి రండి’ అన్న నిబంధన ఎక్కడా లేదు. పిల్లలు కనిపించకుండా పోతే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని 2013 మే 10న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఎస్‌హెచ్‌ఓ (స్టేషన్ అధికారి) కాదంటే బీఎన్‌ఎస్‌ఎస్ 173(4) ప్రకారం ఎస్పీకి లేదా కమిషనరేట్ అయితే డీసీపీకి రాతపూర్వకంగా పంపండి, రిజిస్టర్ పోస్టు రశీదు దాచండి. అక్కడా కదలకపోతే మెజిస్ట్రేటు. అత్యాచారం లాంటి నేరాల సమాచారం నమోదు చేయని అధికారికి బీఎన్‌ఎస్ 199 కింద ఆరు నెలల నుంచి రెండేళ్ల శిక్ష ఉంది. ఎక్కడ ఉందో తెలియకపోతే, పోలీసులు పట్టించుకోకపోతే హైకోర్టులో హెబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ముందుకు తెప్పించమనే పిటిషన్) వేయొచ్చు.

‘తనే వచ్చింది’ అన్న వాదనకు మూలం సుప్రీంకోర్టు చూసిన పాత వరదరాజన్ కేసు. మేజర్ కాబోతున్న అమ్మాయి అన్నీ తెలిసి తనంతట తాను వస్తే, వెంట ఉండనిచ్చినంత మాత్రాన అపహరణ కాదంది కోర్టు. అందువల్ల బీఎన్‌ఎస్ 137 అపహరణ ఒక్కటే పెట్టిన కేసుల్లో కొన్ని వీగిపోతాయి. కానీ అక్కడ కూడా ముందు నుంచి పురిగొల్పి ఉంటే వేరే లెక్క. ‘వచ్చేయ్, టికెట్ బుక్ చేశాను’ అన్న ఒక్క మెసేజ్ చాలు. తాళంచెవిగారు తేదీలతో రికార్డు చేయమన్నది ఇందుకే. పోక్సో సెక్షన్లకైతే ఆ వాదన ఏమాత్రం అడ్డు రాదు.

గుడిలో తాళి కట్టినా అంతే. సంరక్షకుల దగ్గర నుంచి మభ్యపెట్టి తీసుకెళ్లి చేసుకున్న మైనర్ పెళ్లి, బాల్యవివాహ నిషేధ చట్టం సెక్షన్ 12 కింద పుట్టుకతోనే చెల్లదు. పద్దెనిమిది నిండేదాకా దాచి తరువాత బయటకొచ్చినా, ముందు జరిగిన నేరం ఎక్కడికీ పోదు. అయితే పద్దెనిమిది నిండిన రోజు నుంచి పిల్ల ఎవరితో ఉండాలన్నది పిల్ల ఇష్టం. అప్పుడు తల్లిదండ్రులు కోర్టుకెళ్లి బలవంతంగా తెచ్చుకోలేరు. మీ చేతిలో ఉన్నది ఇరవై నెలలు.

కుటుంబం ఎస్సీ, ఎస్టీ అయి అతను కాకపోతే ఫిర్యాదులోనే రాసి, కుల ధ్రువపత్రం జతచేయండి. అట్రాసిటీ చట్టం కలిస్తే దర్యాప్తు డీఎస్పీ చేయాలి, ప్రభుత్వ సాయం కూడా ఉంటుంది. లాయరు ఖర్చుకు భయపడొద్దు. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ, నంబరు 15100. నష్టపరిహారం దరఖాస్తూ అక్కడే. తీర్పు దాకా ఆగక్కర్లేదు, ఎఫ్‌ఐఆర్ అయ్యాక మధ్యంతర పరిహారం అడగొచ్చు.


నేరేడుచెట్టు

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. అబ్బాయికి 19, అమ్మాయికి 17, ఇద్దరూ ఒకే కాలేజీ అయినా ఇదే చట్టమా?


నల్లకోటు

కాగితం మీద ఇదే చట్టం. దగ్గరి వయసువాళ్లకు మన దగ్గర మినహాయింపు లేదు. లా కమిషన్ 2023లో ఇచ్చిన 283వ నివేదికలో పద్దెనిమిదిని తగ్గించొద్దంది, కానీ 16 నుంచి 18 మధ్య పిల్లలు ఒప్పుకున్నట్టు కనిపించే కేసుల్లో శిక్ష వేసేటప్పుడు జడ్జికి కొంత వెసులుబాటు ఉండాలంది. 2025 మే 23న పశ్చిమ బెంగాల్ కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు రాజ్యాంగం 142వ అధికరణం (పూర్తి న్యాయం కోసం దానికున్న ప్రత్యేక అధికారం) వాడి శిక్ష వేయకుండా వదిలింది. అది ఆ కేసుకే పరిమితం. అబ్బాయికీ పద్దెనిమిది నిండకపోతే జువెనైల్ జస్టిస్ బోర్డు చూస్తుంది. అలాంటి జంటల మీద కులం కోపంతో, పరువు కోపంతో పోక్సోను కర్రలా వాడేవాళ్లు ఉన్నారు. అది తప్పని గట్టిగా చెబుతాను. అక్కడ ఇద్దరు పిల్లల్నీ కూర్చోబెట్టి మాట్లాడే పెద్దవాళ్లు కావాలి. కానీ ఇక్కడి విషయం అది కాదు. పదకొండేళ్ల తేడా, పాఠం చెప్పే చేయి, ‘ఎవరికీ చెప్పకు’ అన్న మాట. రెండింటినీ ఒక గాటన కట్టకండి.


గడపపసుపు

రేపు ఉదయం తల్లీ తండ్రీ ఇద్దరూ వెళ్తున్నారు. వెంట ఏం తీసుకెళ్లాలి, రాతలో ఏం ఉండాలి?


అక్షయపాత్ర

తెల్లకాగితం మీద తెలుగులోనే రాయండి, తల్లి పేరుతో. పిల్ల పేరు, పుట్టినతేదీ మొదటి పేరాలోనే. అతని పేరు, ఫోను నంబరు, గది ఎక్కడుందో, ట్యూషన్ తేదీలు. తల్లికి ఏ రోజు, ఎలా తెలిసింది. చాట్‌లో కనిపించిన తేదీలు. చూడనిది చూసినట్టు రాయొద్దు, ‘మెసేజ్‌లను బట్టి తెలిసింది’ అనే రాయండి. పదో తరగతి మెమో ఒరిజినల్ చూపించి నకలు ఇవ్వండి. ఫోను, ఛార్జరు, పాస్‌వర్డ్ చీటీ, ఫీజు రశీదులు.

బయల్దేరే ముందు తల్లి పిల్లతో ఒక్కతే కూర్చుని చెప్పాలి, దాచి వెళ్లొద్దు. ‘నువ్వు తప్పు చేశావని కాదు వెళ్తున్నది, పెద్దవాడు ఆయన, ఆగాల్సింది ఆయన’ అన్నంత చాలు. ఎదురు వాదించినా అరవొద్దు. పిల్ల దగ్గర పిన్నిగాని, అత్తగాని ఎవరైనా నెమ్మదస్తురాలు ఉండాలి, తాళం వేసి వెళ్లొద్దు.


నల్లకోటు

ఒక చేర్పు. స్టేషన్ రైటర్ రాసింది మొత్తం చదివించుకుని సంతకం పెట్టండి. ఎఫ్‌ఐఆర్ కాపీ అక్కడే ఉచితంగా ఇవ్వాలి, తీసుకోకుండా మెట్లు దిగొద్దు. దానిలో మూడు చూడండి. పుట్టినతేదీ మెమోతో కలిసిందా, పోక్సో సెక్షన్లతో పాటు ఐటీ చట్టం 67బి పడిందా, అతను బోధనా సిబ్బంది అన్న మాట ఉందా. లేకపోతే అదే రోజు అదనపు వాంగ్మూలం రాసివ్వండి, రేపటికి పెట్టొద్దు.